రాతికి ఉన్న రక్షణ నేలకు లేదా?

రాజుల సొమ్ము రాళ్లపాలు అని తెలుగువారి సామెత. ఏలికలు కోటలకూ గోపురాలకూ చేసిన వ్యయాన్ని చూచి ప్రజలు నొచ్చుకొని అన్న మాట అది. కాని కాలక్రమంలో ఆ రాళ్లే చరిత్రకు ఆధారాలైనవి. నేడు ప్రభుత్వాలు వాటి చుట్టూ కంచె వేసి, ఫలకం నాటి, కావలివానిని నియమించి కాపాడుతున్నవి. ఇది మెచ్చదగిన పనే. ఐతే చరిత్ర యావత్తూ రాతిమీదనే జరగలేదు. రాజ్యాల తలరాతలు మారినది అనేక పర్యాయాలు బయళ్లలోను, పంటచేలలోను, ఏటి ఒడ్డులలోను. అట్టి నేలకు మన చట్టాలలో స్పష్టమైన చోటు లేదు. ఈ లోపాన్ని సరిదిద్దవలసినవారు శాసనకర్తలు. దానిని వారికి గుర్తుచేయవలసినవారు చదువు చెప్పేవారు, చదువుకొనేవారు.

హంపీని ఉదాహరణగా తీసుకొనవచ్చును. 1986లో అది ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేరినది. అక్కడి విరిగిన స్తంభానికి, కూలిన మండపానికి సైతం రక్షణ ఉన్నది. ఆ మహానగరం శిథిలం కావడానికి కారణమైన యుద్ధం 1565 జనవరిలో కృష్ణాతీర ప్రాంతాన జరిగినది. అళియ రామరాయలు అందులోనే హతుడైనాడు. ఆ యుద్ధాన్ని పాఠ్యపుస్తకాలు తళ్లికోట యుద్ధమంటున్నవి. రాక్షసి తంగడి యుద్ధమనడం సరియైనదని కొందరు చరిత్రకారులు వాదిస్తారు. మరికొందరు బన్నిహట్టి పేరు చెపుతారు. ఒకే యుద్ధానికి ఇన్ని పేర్లు ఏర్పడడానికి కారణం, అది జరిగిన చోటుపై ఏకాభిప్రాయం లేకపోవడమే. కూలిన నగరానికి లోకమంతటి గౌరవం దక్కినది. కూల్చిన పొలానికి ఇంకా హద్దులైనా ఏర్పడలేదు.

మూడు పొలాలు, ఒకే కథ

తెలుగునాట ఉత్తర కోస్తాలో మూడు యుద్ధభూములున్నవి. మూడింటినీ కలిపి చదివితే సముద్రతీరపు తెలుగుదేశం విదేశీయుల చేతికి ఎట్లు పోయినదో బోధపడుతుంది.

మొదటిది బొబ్బిలి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువైన పెద విజయరామరాజు పక్షాన, బొబ్బిలి మట్టికోటను ఫిరంగులతో ముట్టడించాడు. రంగారావు, అతని వెలమవీరులు లొంగలేదు. కోట నిలవదని తేలినప్పుడు లోపలి స్త్రీలను, పిల్లలను తమవారే వధించి, పురుషులు పోరాడి నేలకొరిగారు. రాజకుమారుడైన ఒక పసివాడు మాత్రం ప్రాణాలతో దక్కినాడు. ఆ తరువాత మూడు రోజులకు తాండ్ర పాపారాయుడు అనుచరులతో డేరాలోకి చొరబడి విజయరామరాజును చంపి, తానూ చచ్చినాడు.

రెండవది చందుర్తి. నేటి కాకినాడ జిల్లాలో గొల్లప్రోలు ప్రాంతపు గ్రామం. మరణించిన విజయరామరాజుకు వారసుడైన ఆనంద గజపతి ఫ్రెంచివారిని విడిచి ఇంగ్లీషువారిని ఆహ్వానించాడు. వంగదేశం నుంచి క్లైవు పంపిన కర్నల్ ఫోర్డు సేన వచ్చినది. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయినాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఇంగ్లీషువారి వశమైనది. దక్కనులో ఫ్రెంచివారి ప్రాబల్యం దానితో అస్తమించినది. ఉత్తర సర్కారులు కుంఫిణీకి దక్కే మార్గం అక్కడ తెరచుకొన్నది.

మూడవది పద్మనాభం. అదే పూసపాటి వంశంలో తరువాతి ప్రభువు చిన విజయరామరాజు కుంఫిణీకి పేష్కషు బకాయిపడినాడు. జమీను విడిచి మచిలీపట్నానికి వెళ్లి నివసించవలసినదని అతనికి ఆజ్ఞ అయినది. అతడు వెళ్లలేదు, పద్మనాభం వద్ద తన మనుషులతో నిలిచినాడు. 1794 జూలై 10న ప్రెండర్‌గాస్టు నాయకత్వాన కుంఫిణీ సేన వచ్చి పడినది. పోరు కొద్దిసేపే సాగినది. రాజూ, ఆయన ముఖ్యానుచరులు అనేకులూ ఆ పొలంలోనే ప్రాణాలు విడిచారు.

మొదటి పొలంలో విజయనగరం ఫ్రెంచివారికి తోడు. రెండవదానిలో ఇంగ్లీషువారికి తోడు. మూడవదానిలో ఆ ఇంగ్లీషువారి తుపాకులకే ఆహుతి. నడుమ గడచినది 37 సంవత్సరాలు మాత్రమే. పరస్పర వైరంతో పరాయివానిని పిలిచిన ఫలితమేమిటో ఇంతకంటె స్పష్టంగా చెప్పగల పాఠం తెలుగువారి చరిత్రలో అరుదు. ఆ పాఠానికి పుస్తకం ఆ మూడు పొలాలే.

వీటి స్మృతి మాత్రం సమానంగా నిలవలేదు. బొబ్బిలికి జానపదుల పాట ఉన్నది. పాతకోట చోట స్మారకస్తంభమున్నది. 1964లో చలనచిత్రం కూడా వచ్చినది. పద్మనాభాన్ని కొండమీద వెలసిన అనంత పద్మనాభస్వామి కోసం భక్తులు దర్శిస్తారు. చందుర్తిని తలచేదెవరు? మూడింటిలోను దేశ చరిత్రను ఎక్కువగా మలుపు త్రిప్పిన యుద్ధమే పరీక్షకోసం కంఠస్థం చేసే తేదీగా మిగిలినది.

పలనాటి సంగతి వేరు. 12వ శతాబ్దపు యుద్ధాన్ని కారెంపూడి ప్రజలు నేటికీ మరువలేదు. ఏటా కార్తిక అమావాస్యకు అక్కడ వీరుల ఉత్సవాలు ప్రారంభమౌతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అంటూ ఐదు నాళ్లు ఆ కథ యావత్తూ మళ్లీ నడుస్తుంది. దూరప్రాంతాల నుంచి వీరాచారవంతులు ఆయుధాలతో వచ్చి, నాగులేటిలో స్నానం చేసి, వీరుల గుడిలో మ్రొక్కుతారు. ఏ శాసనసభా చేయని రక్షణను అక్కడ ఆచారం చేసినది. కాని ప్రతి యుద్ధానికీ పూజారులు దొరకరు. పూజలేని చందుర్తికి, పాటలేని పద్మనాభానికి చట్టమొక్కటే దిక్కు.

నేల చెప్పే సాక్ష్యం

కథ తెలిసిన తరువాత పొలం ఎందుకు అని ప్రశ్నించేవారుంటారు. గ్రంథాలలో వివరాలున్నవి గదా, పొలంలో కనిపించేది మట్టే గదా అంటారు. ఈ ప్రశ్నకు రెండు పరదేశపు యుద్ధభూములు సమాధానం చెప్పినవి.

అమెరికాలోని లిటిల్ బిగ్‌హార్న్ వద్ద 1876 జూన్‌లో లకోటా, షయెన్ తెగల యోధులు కస్టరు నాయకత్వాన వచ్చిన సైనికదళాన్ని నిశ్శేషం చేశారు. కస్టరు కొండమీద కడదాకా వీరోచితంగా నిలిచి పోరినాడన్న గాథ ఆ దేశమంతటా ప్రచారంలోకి వచ్చినది. యుద్ధాన్ని కన్నులారా చూచిన ఆదివాసులు మరొకవిధంగా చెప్పారు. దళం చెదరిపోయినదనీ, పోరు వేగంగా ముగిసినదనీ వారి మాట. ఓడిన సైన్యపు దేశం ఆ మాటను చాలాకాలం లెక్కచేయలేదు. 1983లో అక్కడి గడ్డి అంటుకొని నేల బయటపడినది. మరుసటి ఏడు పురాతత్త్వజ్ఞులు అంగుళం అంగుళం వెదకి తూటాల తొడుగులను, గుండ్లను సేకరించారు. ప్రతి తుపాకీ తొడుగుమీద తన గుర్తు వదలుతుంది కాబట్టి, ఏ తుపాకీ ఎక్కడినుంచి ఎక్కడికి కదలినదో గుర్తించగలిగారు. ఆ లెక్క అనేక విషయాలలో ఆదివాసుల మాటనే బలపరచినది. 1991లో ఆ దేశపు కాంగ్రెసు, కస్టరు పేరును తొలగించి ఆ స్థలానికి లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమి అని పేరు మార్చినది. ఆదివాసుల స్మారకానికీ ఆదేశించినది. నూరేళ్లు ఎవరూ వినని సాక్షుల పక్షాన మట్టి సాక్ష్యం చెప్పినది.

ఇంగ్లండులో మూడవ రిచర్డు రాజు 1485లో బాస్‌వర్త్ వద్ద హతుడైనాడు. ఒక గుట్ట దగ్గర యుద్ధం జరిగినదని నమ్మి అక్కడ స్మారక కేంద్రం కట్టారు. సంవత్సరాల తరబడి చుట్టుపట్ల పొలాలను పరిశోధించిన మీదట, అసలు చోటు ఆ గుట్టకు సుమారు 3 కిలోమీటర్ల దూరాన ఉన్నదని 2009లో ప్రకటించారు. అక్కడి దుక్కినేలలో 30కి పైగా సీసపు గుండ్లు దొరికినవి. రాజు చిహ్నమైన వరాహపు బొమ్మ, బంగారుపూత పూసిన వెండిది, చిన్నది, దొరికినది. ఆ పొలాలమీద ఇళ్లు లేచి ఉంటే ఈ సత్యం శాశ్వతంగా పూడిపోయేది.

ఇక బొబ్బిలి సంగతి ఆలోచించండి. ఆనాటి యుద్ధాన్ని విపులంగా వ్రాసిన గ్రంథం కుంఫిణీ చరిత్రకారుడైన రాబర్ట్ ఓర్మ్‌ది. చందుర్తి యుద్ధం గురించి తెలిసినదానిలోనూ ఎక్కువభాగం ఇంగ్లీషువారి కలాల నుంచి వచ్చినదే. వారు వ్రాసినదంతా అబద్ధమని కాదు. వారు తమ కన్నుతో చూచినంతే వ్రాశారు. ఫోర్డు సేనలో నడచిన సిపాయిల మాట ఏమిటి? ఆనంద గజపతి వెంట వచ్చిన బంటుల మాట ఏమిటి? వారు గ్రంథాలు వ్రాయలేదు. వారు నిలిచిన చోటు, పడిన చోటు, వారి చేతినుంచి జారిన సీసపు గుండు, విరిగిన బరిసెమొన మాత్రమే వారి వ్రాతలు. గెలిచినవాడు కాగితంమీద వ్రాసుకొంటాడు. మిగిలినవారి వ్రాత మట్టిలో ఉంటుంది. మట్టిని పోగొట్టుకొన్న జాతి, చరిత్రను ఎప్పటికీ ఒకే పక్షం నోట వినవలసివస్తుంది.

చట్టం చూడని చోటు

ఈ విషయంలో మన రాజ్యాంగం చూపిన దృష్టి విశాలమైనది. జాతీయ ప్రాముఖ్యం గలవని పార్లమెంటు చట్టం ద్వారా ప్రకటితమైన స్మారకాలను, స్థలాలను, వస్తువులను కాపాడడం రాజ్యం విధి అని 49వ అధికరణం నిర్దేశిస్తున్నది. స్మారకాలతోపాటు స్థలాలన్న మాటను నిర్మాతలు అక్కడ ఉంచారు. 1976లో చేరిన ప్రాథమిక విధులలో, దేశపు ఉమ్మడి సంస్కృతీ వారసత్వాన్ని విలువైనదిగా ఎంచి కాపాడడం ప్రతి పౌరుని విధి అన్నారు.

ఈ ఆశయం 1958 నాటి పురాతన స్మారకాల చట్టంలోకి వచ్చేసరికి కుంచించుకొన్నది. ఆ చట్టం నిర్వచనం ప్రకారం పురాతన స్మారకమంటే కట్టడం, నిర్మాణం, సమాధి, గుహ, శిల్పం, శాసనం, ఏకశిల వంటిది. వయస్సు నూరేళ్లకు తక్కువ కారాదు. పురావస్తు స్థలమంటే శిథిలాలు గాని, అవశేషాలు గాని ఉన్నట్లు సహేతుకంగా నమ్మదగిన ప్రదేశం. యుద్ధభూమి అన్న పేరు ఈ రెంటిలో దేనియందూ లేదు. ఒకనాటి ఉదయం రెండు సేనలు తలపడి సాయంత్రానికి వెళ్లిపోయిన పొలంలో శిథిలాలు ఉండవు. అవశేషాలున్నవని నిరూపించడానికి త్రవ్వి పరిశోధించవలె. ఆ పరిశోధన జరిగేదాకా పొలం మిగలవలె. రక్షణ లేనిదే ఆధారం దొరకదు, ఆధారం లేనిదే రక్షణ దొరకదు అన్న చిక్కు ఇది.

2010లో ఈ చట్టాన్ని సవరించి, రక్షిత కట్టడానికి నూరు మీటర్ల వరకు క్రొత్త నిర్మాణాలను నిషేధించారు. ఆ వెలుపల మరి రెండువందల మీటర్ల వరకు నియంత్రణ విధించారు. కేంద్ర రక్షణలో 3,600కు పైగా కట్టడాలు, స్థలాలు ఉన్నవి. యుద్ధాన్ని స్మరింపజేసే సమాధి, స్తంభం, ప్రార్థనాలయం ఈ చట్టం దృష్టికి సులభంగా వస్తాయి. సేనలు నిలిచిన విశాలమైన బయలు ఒక కట్టడం చుట్టూ గీచిన మూడువందల మీటర్ల గిరిలో ఇమడదు.

నిర్లక్ష్యానికి ఫలితం కనిపిస్తూనే ఉన్నది. ప్లాసీలో 1757 నాటి యుద్ధభూమిని చాలవరకు భాగీరథీనది కోసివేసినది. ఆ మామిడితోట లేదు. అది ప్రకృతి చేసిన పని. మనుష్యులు చేసే పని దానికంటె వేగవంతమైనది. హైదరాబాదు నడిబొడ్డున ఫతే మైదాన్ అన్న పేరు వినబడుతుంది. 1687లో గోల్కొండను ముట్టడించిన మొగలు సేన విడిది చేసిన బయలు కాబట్టి, విజయానంతరం దానికి ఆ పేరు వచ్చినదని చెపుతారు. ఇప్పుడక్కడ ఉన్నది క్రీడారంగం. పేరు మిగిలినది, బయలు పోయినది. పద్మనాభం విజయనగరానికి సమీపాన ఉన్నది. విశాఖపట్నానికీ, విమానాశ్రయం కోసం ఎంచుకొన్న భోగాపురానికీ దూరం కాదు. నగరాలు విస్తరిస్తున్న దారిలో ఉన్న పొలం, ఎవరూ ఏమీ తలపెట్టకపోయినా, ఒక తరంలో గుర్తుపట్టలేకుండా మారిపోతుంది.

ఇతరులు చేసినది

ఈ సమస్యను మనకంటె ముందుగా ఎదుర్కొన్న దేశం అమెరికా. 1863లో గెటిస్‌బర్గ్ వద్ద ఘోరయుద్ధం జరిగినది. ముప్ఫై ఏళ్ల తరువాత ఒక వ్యాపార సంస్థ ఆ యుద్ధభూమి మీదుగా విద్యుత్తుతో నడిచే ట్రాము మార్గం వేసినది. అడ్డుకొనడానికి ప్రభుత్వం భూమిని స్వాధీనం చేసుకొనబోగా, యుద్ధభూమిని కాపాడడం ప్రజాప్రయోజనం ఎట్లవుతుందని ఆ సంస్థ వ్యాజ్యం వేసినది. 1896లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పినది: అది నిస్సందేహంగా ప్రజాప్రయోజనమే.

తీర్పు వచ్చినంతమాత్రాన ఆ దేశం మేలుకొనలేదు. వర్జీనియాలో షాంటిలీ అన్నచోట 1862 సెప్టెంబరులో ఇద్దరు సేనానులు నేలకొరిగిన యుద్ధం జరిగినది. 1980లలో ఆ భూమిని ఇళ్లూ దుకాణాలూ ఆక్రమించినవి. నేడు ఉద్యానంగా మిగిలినది సుమారు ఐదెకరాలు. ఆ దుఃఖంతోనే 1987లో కొందరు చరిత్రాభిమానులు పరిరక్షణ సంఘం స్థాపించారు. మరుసటి ఏడు మనాసస్ యుద్ధభూమి ప్రక్కనే పెద్ద అంగడి సముదాయం కట్టడానికి యంత్రాలు వచ్చినవి. ప్రజలు కాంగ్రెసు సభ్యులకు వినతులు పంపగా, 1988లో కాంగ్రెసు ప్రత్యేక చట్టం చేసి సుమారు 550 ఎకరాలను ప్రభుత్వపరం చేసినది. చెల్లించిన పరిహారం పది కోట్ల డాలర్లకు మించినది. ముందే మేలుకొని ఉంటే అందులో స్వల్పభాగంతో పని జరిగేది.

ఆ అనుభవంతో కాంగ్రెసు 1990లో ఒక విచారణ సంఘాన్ని నియమించినది. అంతర్యుద్ధకాలపు సంఘర్షణ స్థలాలు సుమారు 10,500 ఉండగా, వాటిలో 384 ముఖ్యమైనవని ఆ సంఘం 1993లో నివేదించినది. వాటిలోను మూడింట ఒక వంతుకు పైగా నశించినవో, నశించే దశలో ఉన్నవో అని హెచ్చరించినది. 1996లో యుద్ధభూముల పరిరక్షణకు చట్టం వచ్చినది. తరువాత భూముల కొనుగోలుకు కేంద్ర నిధులు ఇవ్వడం ప్రారంభించారు. పద్ధతి గమనింపదగినది. కేంద్రం ఒక రూపాయి ఇస్తే రాష్ట్రం గాని, ప్రజలు గాని మరొక రూపాయి చేర్చవలె. అమ్మదలచినవారి వద్దనే కొనవలె. 2014లో స్వాతంత్ర్య యుద్ధ స్థలాలకూ ఈ సాయం విస్తరించినది. ఇన్ని చేసినా ఆ పోరాటం ముగియలేదు. మనాసస్ సమీపాన మహత్తరమైన డేటా కేంద్రాల సముదాయానికి స్థానిక పాలకమండలి 2023 డిసెంబరులో అనుమతి ఇచ్చినది. ఆ అనుమతులు చెల్లవని 2025 ఆగస్టులో న్యాయస్థానం నిర్ణయించినది.

ఇంగ్లండు మార్గం వేరు. 1995లో అక్కడ 43 చారిత్రక యుద్ధభూములతో ఒక పట్టిక ప్రకటించారు. తరువాత మరికొన్ని చేర్చారు. పట్టికలో చేరినంతమాత్రాన భూమి ప్రభుత్వానిది కాదు, సేద్యం ఆగదు. ఐతే అక్కడ ఏదైనా కట్టదలచినవారికి అనుమతి ఇచ్చేముందు ఆ భూమి చరిత్రను అధికారులు లెక్కలోకి తీసుకొనవలె. పెద్ద ఖర్చు లేకుండా ఒక పట్టిక చేయగల మేలు ఇది. మన రాష్ట్రాలు మొదట అనుసరించదగినది ఈ మార్గమే.

ఆక్షేపణలు

రైతు మాటేమిటి అన్నది మొదటి ఆక్షేపణ, న్యాయమైనది. గజం నేలకు ప్రాణం పెట్టే దేశంలో పొలాలను కంచెవేసి మూయడం తగదు. కాని యుద్ధభూమిని కాపాడడానికి సేద్యం ఆపవలసిన పనిలేదు. చందుర్తి యుద్ధవిధానమే ఇందుకు నిదర్శనం. ఎత్తుగా పెరిగిన పైరుచేను అడ్డుగా ఉండడంతో ఫోర్డు తెల్లసేన ఫ్రెంచివారికి కనిపించలేదనీ, ఎఱ్ఱదుస్తులు ధరించిన సిపాయిలనే ఆంగ్లసైనికులని భ్రమించి వారు మోసపోయినారనీ ఓర్మ్ వ్రాసినాడు. ఆ యుద్ధానికి పైరు కూడా ఒక పాత్రధారి. అక్కడ పంట పండుతున్నంతకాలం యుద్ధభూమి నిలిచి ఉన్నట్లే. దానికి శత్రువు నాగలి కాదు, ఇళ్లస్థలాల హద్దురాయి. సేద్యం మానకుండా, నిర్మాణహక్కును మాత్రం వదలుకొనే రైతుకు తగిన పరిహారం ఇచ్చే పద్ధతి అమెరికాలో అమలులో ఉన్నది. ఆ భారం రైతు నెత్తిన పడకుండా చూడడం శాసనకర్తల పని.

యుద్ధభూములను కాపాడడం యుద్ధాన్ని కీర్తించడమే గదా అన్నది రెండవ ఆక్షేపణ. ఈ ప్రశ్నకు సమాధానం కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండమీద ఉన్నది. కళింగయుద్ధంలో లక్షమంది చచ్చినారని, లక్షా యాభైవేల మందిని చెరపట్టారని, అందుకు తాను పరితపిస్తున్నానని అశోకుడు చెప్పిన 13వ శాసనం ఆ బండమీది పదునాలుగింటిలో ఒకటి. కళింగంలోనే ఉన్న ధౌలి, జౌగడ బండలమీద ఆ శాసనం లేదు. ఓడిన ప్రజల ఎదుట ఆ లెక్క చెప్పడానికి చక్రవర్తికి నోరాడలేదేమో! ఆ బండ నిలిచినందువల్లనే యుద్ధం మీద వైరాగ్యం పుట్టించిన ఆ మాటలను తెలుగునేలమీద నేడు చదవగలుగుతున్నారు. తమవారి చేతులలోనే ప్రాణాలు విడిచిన బొబ్బిలి పిల్లల నేల కూడా అట్టిదే. దానిని చూచినవాడు యుద్ధాన్ని కోరడు.

పాత పగలు రేగుతవన్నది మూడవ ఆక్షేపణ. బొబ్బిలికీ విజయనగరానికీ, బ్రహ్మనాయుని పక్షానికీ నాగమ్మ పక్షానికీ నేడు తీర్పు చెప్పవలసిన పని ప్రభుత్వానికి లేదు. ఒక పక్షపు విగ్రహం నిలిపితే రెండవ పక్షం నొచ్చుకొనవచ్చును. నేలను నేలగా ఉంచితే అది ఉభయులకూ సాక్షి. విగ్రహాలకంటె పొలాన్ని కాపాడడమే నిష్పక్షపాతమైన పని.

చేయవలసినది

ఈ పనికి ఢిల్లీ కోసం వేచియుండనక్కరలేదు. జాతీయ ప్రాముఖ్యం గలవిగా ప్రకటితం కాని చారిత్రక స్మారకాలు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలో ఉన్నవి. అట్టి పురావస్తు స్థలాలు ఉమ్మడి జాబితాలో ఉన్నవి. ఆంధ్రప్రదేశ్‌కు 1960 నాటి చట్టమున్నది. తెలంగాణ 2017లో ప్రత్యేకంగా వారసత్వ చట్టం చేసుకొన్నది. రెండు శాసనసభలూ చేయదగిన పనులు నాలుగు. యుద్ధభూమికి చట్టంలో స్పష్టమైన నిర్వచనం ఇవ్వడం మొదటిది. చరిత్రకారులు, పురాతత్త్వజ్ఞులు, రెవిన్యూ సర్వేయర్లు కలిసిన సంఘాన్ని నియమించి, కారెంపూడి, బొబ్బిలి, చందుర్తి, పద్మనాభం మొదలుగా గల స్థలాలను సర్వే నంబర్లతో సహా పటాలకెక్కించడం రెండవది. ఆ నంబర్లలో పంటభూమిని ఇళ్లస్థలాలుగా మార్చే ముందు పురావస్తు శాఖ అభిప్రాయం తీసుకొనడం తప్పనిసరి చేయడం మూడవది. నిర్మాణహక్కు వదలుకొనే రైతులకు పరిహారంగా, ప్రజల విరాళాలకు సమానంగా ప్రభుత్వం చేర్చే నిధిని ఏర్పరచడం నాలుగవది. పార్లమెంటు సభ్యులు 1958 చట్టంలో ఒక్క పదం చేర్పించగలిగితే రాక్షసి తంగడి వంటి, తెలుగువారికీ కన్నడిగులకూ సమానమైన యుద్ధభూములకూ దారి ఏర్పడుతుంది.

శాసనకర్తలు ఎవరూ అడగని చట్టాలు చేయరు. యుద్ధభూమికి ఓట్లు లేవు. దాని పక్షాన అడగవలసినవారు ఉపాధ్యాయులు, విద్యార్థులు. చందుర్తి చుట్టుపట్ల పాఠశాలల వారు గ్రామ వృద్ధులను అడిగి, ఏ దిబ్బను ఏమని పిలుస్తారో, ఏ చెరువుగట్టున ఏమి దొరికినదని పెద్దలు చెప్పుకొనేవారో వ్రాసి ఉంచవచ్చును. పొలాల వాడుకపేర్లు ఆ వృద్ధులతోనే పోతున్నవి. పొలంలో దొరికిన వస్తువును కదల్చక, చోటు గుర్తించి అధికారులకు తెలుపవలెనన్న క్రమశిక్షణను పిల్లలకు నేర్పవచ్చును. తరగతి గదిలో చట్టసభల పాఠం చెప్పే రోజున, తమ నియోజకవర్గ సభ్యునికి ఈ విషయమై ఒక వినతిపత్రం వ్రాయించవచ్చును. పౌరధర్మానికి అంతకంటె మంచి అభ్యాసం లేదు.

కట్టడం కూలితే పాత పటాలు చూచి మళ్లీ నిలబెట్టవచ్చును; గ్రంథం చిరిగితే మరొక ప్రతి దొరకవచ్చును. యుద్ధభూమికి రెండవ ప్రతి లేదు. అక్కడ పునాదులు త్రవ్విన నాడు చెదరిన గుండ్లను, ఎముకలను తిరిగి ఆ వరుసలో పెట్టగలవారు ఎవరూ లేరు. పద్మనాభం పొలంలో పడినవారు ప్రాణాలిచ్చి ఆ నేలను వదలలేదు. ఆ నేల ఎక్కడున్నదో తరువాతివారు చూపగలగడానికి కావలసినది ఒక నిర్వచనం, ఒక పటం, శాసనసభలో కొద్దిసేపటి చర్చ. తెలుగుదేశపు శాసనకర్తలకు ఇది పెద్ద త్యాగమేమీ కాదు.